ఓరుగల్లు కప్పు: గూనపెంక నుంచి హరిత భవన ధ్రువపత్రం దాకా

వరంగల్ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 18 డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారంలో ఒకసారి, జులై చివర్లో మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జులైలో మబ్బులు అడ్డుపడతాయి. మేలో ఆ అడ్డు కూడా ఉండదు. ఆ నెలలో చదునైన డాబా మీద చదరపు మీటరుకు రోజుకు ఆరు యూనిట్లకు పైగా ఎండ పడుతుంది. తూర్పు గోడకు పొద్దున, పడమటి గోడకు సాయంత్రం కొన్ని గంటలే ఎండ. దక్షిణపు గోడకు నడివేసవి మధ్యాహ్నం అదీ దాదాపు ఉండదు. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లే ఎక్కువగా ఉన్న ఊళ్లో ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా కప్పుదే. ఈ ప్రాంతంలో ఒక్కో కాలం ఇంటిని ఎలా చల్లబరుచుకుందో తెలియాలంటే ఆ కాలపు కప్పును చూడాలి. హరిత భవన ధ్రువపత్రం అడిగే ఇంధన సామర్థ్యపు లెక్కలో కూడా కప్పుది ముఖ్యమైన పద్దు.

కాకతీయుల రాయి, ఇటుక

కాకతీయుల కాలపు గుడులు, కోట, చెరువులు మిగిలాయి కానీ మామూలు జనం ఇళ్లు మిగల్లేదు. కాబట్టి ఆనాటి నివాసాల చల్లదనం గురించి గట్టిగా చెప్పడానికి ఆధారాలు తక్కువ. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలో ఎండాకాలం తగిలే చల్లదనం బరువైన రాతి వల్ల వచ్చేది. మందపాటి రాయి పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుని, రాత్రి నెమ్మదిగా వదులుతుంది.

హరిత నిర్మాణానికి పూర్వీకుల ఉదాహరణగా తరచూ చెప్పేది రామప్ప గుడి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో దీన్ని కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దీని విమానాన్ని నీళ్లలో తేలేటంత తేలికైన, గుల్ల ఇటుకలతో లేపారు. శిఖరం బరువు తగ్గించడం ఆ ఇటుకల అసలు పని. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన గుడికి పైబరువు ఎంత తగ్గితే అంత క్షేమం. చల్లదనం కోసం వాడారని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఇటుకలో చిక్కుకున్న గాలి బరువుతో పాటు వేడి ప్రయాణాన్నీ తగ్గిస్తుంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల గోడలకు వాడే తేలికపాటి ఏఏసీ బ్లాకులు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే.

గూనపెంక, మిద్దె, తాటాకు

జనం ఇళ్ల చరిత్ర చాలాకాలం కుమ్మరి చేతిలో ఉంది. కుమ్మరి సారె మీద ఒకవైపు సన్నగా ఉండే గొట్టం తీసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా గాటు పెట్టి, ఆరాక రెండుగా విడదీసి ఆవంలో కాల్చేవాడు. గూనపెంక అలా తయారయ్యేది. దూలం, దంతెలు, వాసాల మీద ఒక వరుస పెంకను వెల్లకిలా, దాని అంచుల మీద మరో వరుసను బోర్లా పరిచేవారు. రెండు వరుసల నడుమ గాలి నిలిచేది. పెంకకూ పెంకకూ మధ్య సందుల్లోంచి ఇంట్లోని వేడిగాలి పైకి పోయేది. పెంక పలచన కాబట్టి పొద్దు గూకిన కాసేపటికే చల్లారేది. వేడిని ఆపడం కంటే వచ్చిన వేడిని త్వరగా వదిలేయడం ఈ కప్పు గుణం.

తెలంగాణ మెట్ట ప్రాంతాల మిద్దె పనితీరు వేరు. దగ్గర దగ్గరగా పేర్చిన దంతెల మీద చెక్కలు, వాటిపై ఆకు, ఆపైన జానెడుకు మించిన మట్టి, అన్నిటికన్నా పైన నీరు దిగకుండా చవుడు. అంత మట్టిని దాటి మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి ఇంటివాళ్లు నులక మంచాలు వాకిట్లో వేసుకుని పడుకునేవారు. కలిగిన వాళ్ల భవంతి ఇళ్లలో నాలుగు వైపుల పెంక నడిమి వాకిలి వైపు వాలి ఉండేది. రాత్రిపూట ఆ వాకిలిలో చేరిన చల్లగాలి పొద్దున కొంతసేపు చుట్టూ ఉన్న అర్రలను కాపాడేది. ముందుభాగపు హజారం, అంటే వసారా, గోడకు నేరుగా ఎండ తగలనిచ్చేది కాదు.

ఈ ఇళ్లను ఇప్పుడు తలచుకునేటప్పుడు వాటి లోపాలు మరుగున పడుతుంటాయి. భవంతి దొరలది, షావుకార్లది, కరణాలది. ఊళ్లో ఎక్కువమంది తాటాకు గుడిసెల్లో ఉండేవారు. తాటాకు వేడిని బాగానే ఆపుతుంది కానీ ఒక్క నిప్పురవ్వ చాలు, వాడంతా కాలిపోతుంది. పెంకుటింట్లో చిన్న కిటికీల వల్ల చీకటి, కట్టెల పొయ్యి వల్ల పొగ. ఏటా మృగశిర కార్తెకు ముందే పెంక తిరగనేయించాలి, లేదంటే వాన ఇంట్లోనే కురుస్తుంది. చెదలు పట్టిన వాసం మార్చాలి. కోతుల గుంపు ఒక్కసారి ఇంటిమీద దూకితే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

రైలు తెచ్చిన మార్పు

నిజాం రైల్వే 1880ల చివరికి సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. కాజీపేట జంక్షన్ అయ్యాక బరువైన సరుకు దూరం నుంచి తేవడం తేలికైంది. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థకు చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ మంగళూరులో మొదలుపెట్టిన అచ్చు పెంక దేశమంతా పాకింది. తెలంగాణలో దాన్ని బెంగుళూరు పెంక అన్నారు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఈ పెంకతో కప్పు బరువు తగ్గింది, ఏటా తిరగనేయించే పని చాలావరకు తప్పింది, కోతుల బెడద కొంత తగ్గింది. అయితే సందులు మూసుకోవడంతో వేడిగాలి బయటపడే దారి కూడా తగ్గింది. ఆ లోటు తీర్చడానికి కప్పు ఎత్తు పెంచడం, గోడల పైభాగాన గాలి కంతలు పెట్టడం వాడుకలోకి వచ్చాయి.

ఇదే కాలంలో సుబేదారి ప్రాంతంలో అధికారుల బంగళాలు లేచాయి. హనుమకొండలోని కలెక్టర్ బంగళాకు 1886లో శంకుస్థాపన జరిగింది. ఈ తరహా కట్టడాల్లో గోడలకు డంగు సున్నం వాడేవారు. ఎడ్లు తిప్పే గానుగలో రాతి చక్రం కింద సున్నాన్ని, ఇసుకను రోజుల తరబడి నూరేవారు. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా ఈ బంగళాల పద్ధతి. తర్వాతి కాలంలో ప్రభుత్వ పాఠశాలలు, ఆస్పత్రులు, కార్యాలయాలు చాలాకాలం దీన్నే చిన్న కొలతల్లో అనుసరించాయి.

స్లాబ్ గెలిచిన తీరు

స్వాతంత్ర్యం తర్వాత ఓరుగల్లు చదువుల ఊరైంది. 1959 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేశారు. ఇప్పటి ఎన్ఐటీ అదే. అదే ఏడాది కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. మంచిర్యాల, బసంత్‌నగర్ కర్మాగారాల సిమెంటు దగ్గర్లోనే దొరికేది. తర్వాతి దశాబ్దాల్లో పెంక పోయి స్లాబ్ వచ్చింది.

స్లాబ్‌ను జనం ఇష్టపడి ఎంచుకున్నారు, అందుకు గట్టి కారణాలే ఉన్నాయి. వాన కారదు, కోతి పగలగొట్టలేదు, దొంగ పెంక తీసి దిగలేడు. మిరపకాయలు ఆరబెట్టుకోవచ్చు. కొడుకు పెళ్లయ్యాక పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ప్రభుత్వ గృహ పథకాలు కూడా స్లాబ్‌నే పక్కా ఇంటికి గుర్తుగా తీసుకున్నాయి. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా అందుతాయి. పునాదికి లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, స్లాబ్ పడ్డాక లక్షా డెబ్బై అయిదు వేలు, పూర్తయ్యాక లక్ష. అన్నిటికన్నా పెద్ద విడత స్లాబ్‌దే.

వేడి విషయంలో ఈ స్లాబ్ ఏం చేస్తుందో లెక్క కట్టవచ్చు. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకెను ఇంజినీర్లు యూ విలువ అంటారు. ఆరు అంగుళాల స్లాబ్, కింద సన్నని ప్లాస్టరింగు ఉన్న కప్పుకు అది 3కు పైనే. మే మధ్యాహ్నం స్లాబ్ పైభాగం 60 డిగ్రీలకు చేరి, గది 28 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, పది చదరపు మీటర్ల చిన్న గదిలోకి కప్పు నుంచే ఒక కిలోవాట్‌కు పైగా వేడి దిగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ తోడగలిగిన వేడిలో ఇది దాదాపు అయిదో వంతు. పైగా కాంక్రీటు వేడిని నాలుగైదు గంటలు దాచుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి పట్టిన వేడి రాత్రి ఎనిమిదింటికి మంచం మీదికి దిగుతుంది. అప్పటికి వాకిట్లో మంచం వేసే అలవాటూ పోయింది, చాలా ఇళ్లకు వాకిలీ పోయింది. ముందు ఫ్యాను, తర్వాత కూలర్, ఆ తర్వాత ఏసీ ఆ స్థానంలోకి వచ్చాయి. గాలిలో తేమ తక్కువగా ఉండే మేలో కూలర్ బాగా పనిచేస్తుంది, తొలకరి పడి తేమ పెరిగాక దానివల్ల ఉపయోగం ఉండదు. ఏసీ వైపు మొగ్గడానికి అదీ ఒక కారణం.

బొగ్గు లెక్క

ఈ ఫ్యాన్లు, ఏసీలు నడిపే కరెంటు తయారీ ఈ ప్రాంతానికి దూరపు సంగతి కాదు. పాత కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం 1983లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టి, 2,600 మెగావాట్లకు పెరిగింది. అప్పట్లో వరంగల్ జిల్లాలోనే ఉన్న భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 2010లో 500 మెగావాట్లతో, 2016లో మరో 600 మెగావాట్లతో పనిలోకి వచ్చింది. సింగరేణి బొగ్గు ఆ పక్కనే. తవ్వడం, కాల్చడం, పంపిణీ చేయడం అన్నీ ఈ పరిసరాల్లోనే జరుగుతాయి. ఉత్తర తెలంగాణకు కరెంటు అందించే డిస్కం ప్రధాన కార్యాలయం కూడా హనుమకొండలోనే ఉంది.

ఈ కేంద్రాల నుంచి వచ్చే బూడిద ఊళ్ల గోడల్లోకి చేరింది. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల తయారీలో బూడిద వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999లో ఉత్తర్వు ఇచ్చింది. ఫ్లై యాష్ ఇటుక వల్ల చెరువు మట్టి మిగులుతుంది, ఆవం కాల్చే కట్టె మిగులుతుంది. హరిత భవన మదింపులో దానికి పాయింట్లు కూడా ఉన్నాయి. ఎండను ఆపడంలో మాత్రం మామూలు ఇటుక కంటే దాన్ని గొప్పదిగా లెక్కించలేం.

చట్టం, ధ్రువపత్రం

కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం తెచ్చింది. 2002 మార్చిలో ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ ఏర్పడింది. అదే సంస్థ 2007లో ఇంధన పొదుపు భవన నియమావళిని విడుదల చేసింది. దాన్నే ఈసీబీసీ అంటారు. మొదట్లో చట్టం 500 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ ఉన్న భవనాల దాకానే వెళ్లింది. 2010 సవరణతో ఆ హద్దు 100 కిలోవాట్లకు దిగింది.

ధ్రువపత్రాలది వేరే దారి. చట్టం కనీస హద్దు గీస్తుంది. ధ్రువపత్రం ఆ హద్దు దాటిన వాళ్లకు పాయింట్లు ఇస్తుంది, దాన్ని కోరడం యజమాని ఇష్టం. ఈ దారిలో పెద్ద మలుపు హైదరాబాద్‌లోనే వచ్చింది. భారత పరిశ్రమల సమాఖ్య కట్టిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో లీడ్ అనే అమెరికా హరిత భవన మదింపులో ప్లాటినం స్థాయి సాధించింది. అమెరికా వెలుపల ఆ స్థాయికి చేరిన మొదటి భవనం ఇదే. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీన్ని ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దీన్ని నడిమి వాకిలి చుట్టూ గుండ్రంగా అల్లారు. జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే రెండు గోపురాలు, మట్టి, మొక్కలతో కప్పిన పైకప్పు ఇందులో ఉన్నాయి. పాత పద్ధతులను కొలిచి చూసి, ఏసీతో కలిపి వాడవచ్చని ఈ భవనం చూపించింది. 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలి, ఐజీబీసీ, ఇక్కడి నుంచే పనిచేస్తోంది. 2007లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ, టెరి పరిశోధన సంస్థ కలిసి గృహ అనే దేశీయ మదింపును తెచ్చాయి.

ధ్రువపత్రానికి దరఖాస్తు చేసిన భవనం ముందుగా కనీస ఇంధన సామర్థ్యం చూపాలి. ఇది తప్పనిసరి షరతు. ఇది లేకుండా నీటి పొదుపు, చెట్ల పెంపకం పాయింట్లు ఎన్ని ఉన్నా లాభం లేదు. చూపడానికి రెండు దారులున్నాయి. మొదటిది గోడ, కప్పు, గాజు, దీపాలు, ఏసీ ఒక్కొక్కటిగా నియమావళి అంకెకు సరిపోతున్నాయని చూపడం. రెండోది కంప్యూటర్‌లో ఒకే భవనాన్ని రెండుసార్లు కట్టడం. ఒకటి ప్రతిపాదించిన రూపం, రెండోది నియమావళి ప్రకారం ఉండే నమూనా. ఏడాదిలోని 8,760 గంటల వాతావరణాన్ని రెండింటి మీదా నడిపించి వాటి వార్షిక యూనిట్లను పోలుస్తారు. గోడలో కాస్త తగ్గితే గాజులోనో ఏసీలోనో పూడ్చుకునే వీలు ఈ రెండో దారిలో ఉంది. 2017 ఈసీబీసీలో ఈ పోలికనే ఇంధన సామర్థ్య సూచిక నిష్పత్తి అన్నారు. అది 1కి మించకూడదు.

కప్పు వరకే చూస్తే ఈ పని ఎంతటిదో తేలిగ్గా తెలుస్తుంది. 2017 నియమావళి చాలా రకాల భవనాల కప్పుకు 0.33 యూ విలువను హద్దుగా పెట్టింది. ఉత్త స్లాబ్‌ది 3కు పైన కాబట్టి దాని గుండా దాటే వేడిని పదో వంతుకు దించాలి. స్లాబ్ పైన నీరు దిగని పూత, దానిపై దాదాపు 8 సెంటీమీటర్ల గట్టి నురుగు పలక, ఆపైన సన్నని కాంక్రీటు, చివరగా తెల్ల టైలు వేస్తే ఆ అంకె వస్తుంది. దరఖాస్తులో ఈ కప్పు కోత బొమ్మ, పొర పొరకూ లెక్క, పలక కొన్న రసీదు, ప్రయోగశాల పరీక్ష పత్రం ఉండాలి. పైన వేసే పూత కొత్తగా ఉన్నప్పుడు ఎండలో 60 శాతాన్ని వెనక్కి కొట్టాలి.

ఈ విధానానికి ఒక పరిమితి ఉంది. భవనాన్ని దాని సొంత నమూనాతో పోలుస్తారు కాబట్టి, అవసరానికి మించి పెద్దగా, గంటల తరబడి ఏసీ నడిచేలా కట్టినా నిష్పత్తి బాగుండవచ్చు. కట్టాక నడిపే తీరు కాగితంలో ఉండదు. ఆ లోటు కోసమే బీఈఈ 2009లో కార్యాలయాలకు నక్షత్రాల రేటింగు తెచ్చింది. అది అసలు కరెంటు బిల్లును చదరపు మీటర్లతో భాగించి చూస్తుంది.

ఇళ్ల దగ్గర ఆగిన నియమం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో ఈసీబీసీని భవన నిబంధనల్లో చేర్చింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలం లేదా రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణం ఉన్న వాణిజ్య, ప్రజా భవనాలకు అది తప్పనిసరి అయింది. ఆస్పత్రులు, హోటళ్లకు విస్తీర్ణంతో పని లేదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్ని కొనసాగించి, ఆన్‌లైన్ అనుమతుల్లో కలిపింది. 2020 జనవరిలో మడికొండలో మొదలైన ఐటీ కేంద్రాలు, వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆస్పత్రి లాంటివి ఈ కొలతల భవనాలు. రాత్రింబవళ్లు ఏసీ నడిచే ఆస్పత్రిలో కప్పు కంటే గాజు, గాలి మార్పిడి, ఏసీకి నీటిని చల్లబరిచే చిల్లర్లు ఎక్కువ లెక్కకు వస్తాయి. అంతస్తులు పెరిగేకొద్దీ కప్పు వాటా తగ్గుతుంది.

ఊళ్లో ఎక్కువ భాగం మాత్రం చిన్న ఇళ్లే. ఇళ్ల కోసం బీఈఈ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహితను తెచ్చింది. అది కప్పుకు 1.2 యూ విలువను హద్దుగా పెట్టింది. రెండు సెంటీమీటర్ల నురుగు పలకతో ఆ అంకె అందుతుంది. కానీ ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలకే రాశారు. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల దాకా స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతుంది. 75 గజాల లోపు స్థలానికి అదీ అక్కర్లేదు, నమోదు చాలు. ఇంధన నియమం ఎక్కడ మొదలవుతుందో ఇంజినీరు తనిఖీ కూడా దాదాపు అక్కడే మొదలవుతుంది. దానికి లోపల ఉన్న ఇంటి కప్పు గురించి అడిగేవారు లేరు.

ఈ ఖాళీని కొంతైనా పూడ్చేందుకు తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకు ఎండను వెనక్కి కొట్టే కప్పు తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. అయిదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి కప్పులు వేయాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. తెల్ల పూత, తెల్ల టైలు, పగిలిన పింగాణీ ముక్కల మొజాయిక్ ఇందుకు వాడతారు. హైదరాబాద్‌లోని ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు ఏసీ ఉన్న భవనం మీద కొలిచి 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఉత్త కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు మిగులుతాయి. దుమ్ము పడితే ఈ లాభం తగ్గుతుంది. ఉత్త సున్నమైతే ఒక వానాకాలంలోనే కడుక్కుపోతుంది. అందుకే పూతను ఏటా కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి.

2022 చివర్లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి పెద్ద నివాస భవనాలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. 2024లో బీఈఈ కొత్త నియమావళిలో నీరు, వ్యర్థాలు, నిర్మాణ సామగ్రిని కూడా చేర్చింది. దీనితో ఒకప్పుడు ధ్రువపత్రానికే పరిమితమైన చాలా అంశాలు చట్టంలోకి వచ్చాయి. పరిధి మాత్రం ఇప్పటికీ లోడ్‌తో, విస్తీర్ణంతోనే నిర్ణయమవుతోంది. అయిదు సెంట్ల స్థలంలో కట్టిన ఇంటి స్లాబ్ మీద ఏ పూత వేయాలన్నది ఇంటి యజమాని, మేస్త్రి మాట్లాడుకుని తేల్చుకునే సంగతే.